బాపు ఎక్కించిన చక్రాలు

కారు బ్రేకులు బాగు చేసుకోవడం ఒక్క రోజు పని అని నాకు ఎవరో చెప్పారు. ఆ చెప్పినవాడు ఇప్పుడు ఎదురైతే నాలుగు మాటలు అడగాలని ఉంది. ఎనభైల మొదట్లో ఆ పని నెత్తికెత్తుకుని జనగామకూ మానుకోటకూ మధ్య కాళ్ళరిగేలా తిరిగాను. భూపాలపల్లిలో పరువు పోగొట్టుకున్నాను. ఇంట్లో అందరి మీదా అరిచాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఎక్కడైనా కారు బ్రేకు కీచుమంటే నాకు మొదట చిరాకే వస్తుంది, తర్వాతే మిగతావన్నీ.

మా ఊరు నర్మెట్ట దగ్గర. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్నప్పుడు బస్సులు ఆగిపోయాయి. నేనప్పుడు బడికి పోయే పిల్లవాణ్ణి. బడి మూసేశారని నాకు సంబరం. మా బాపు మాత్రం ఏదో పని మీద జనగామ పోయి, తిరుగు బస్సు లేక ఇంటిదాకా నడిచి వచ్చాడు. ఊళ్ళో భూములున్న మనిషి, తెగిన చెప్పు చేత పట్టుకుని నడిచి రావడం పదిమందీ చూశారు. అది ఆయన మనసులో ముల్లులా ఉండిపోయింది. కొన్నేళ్ళకు వరంగల్‌లో ఒక డాక్టరు వాడి వాడి వదిలేసిన నల్ల కారు కొన్నాడు. కొన్నాడే గానీ తోలడం నేర్చుకోలేదు. నేను తోలాలి, ఆయన కూర్చోవాలి. పెళ్ళిళ్ళకూ పంచాయితీలకూ మాత్రమే అది కదిలేది. మిగతా రోజులు కొట్టంలో ఎడ్లబండి పక్కన దుమ్ము పట్టి పడి ఉండేది.

నేను డిగ్రీ చేశాను. ఉద్యోగం రాలేదు. పెళ్ళి మాత్రం టైముకు అయింది. మా ఇద్దరికీ సబ్బుబిళ్ళ కావాలన్నా బాపు ముందు నిలబడాలి. ఆయన ఇవ్వనని ఎప్పుడూ అనలేదు. "ఎందుకు?" అని అడిగేవాడు, అంతే. ఆ ఎందుకుకు జవాబు చెప్పీ చెప్పీ నాకు ప్రాణం విసిగిపోయింది. అలాంటప్పుడు తెలిసింది, భూపాలపల్లి దగ్గర అడవిలో బొగ్గు కోసం బోర్లు వేస్తున్న క్యాంపు వాళ్ళకు ఒక కారు కిరాయికి కావాలని. తోలే మనిషి కూడా కావాలట. ఉండడానికి ఒక గది ఇస్తారట. నాకూ నా భార్యకూ ఒక గది, నేను సంపాదించిన తిండి. ఆ రోజుల్లో నేను కోరుకున్నది అంతకంటే ఏమీ లేదు.

బాపుకు చెప్పాను. ఆయన అరుగు మీద కూర్చుని చుట్ట వెలిగిస్తూ విన్నాడు.

"మనం కారు ఎక్కేటోళ్లం. మందిని ఎక్కించుకొని తిరిగేటోళ్లం గాదు," అన్నాడు.

"ఊకెనే కొట్టంల పడున్నది గద బాపు."

"పడుంటె పడుండని. నిన్ను తిండి అడుగుతున్నదా?"

నేను వదల్లేదు. నాలుగు రోజులు అదే మాట తిప్పి తిప్పి అడిగాను. చివరికి "నీ ఇష్టం" అన్నాడు. మా ఇంట్లో ఆ మాటకు అర్థం 'వద్దు' అనే. నేను మాత్రం దాన్ని ఉన్నదున్నట్టే తీసుకున్నాను.

క్యాంపు ఆఫీసరు రమ్మని కబురు పంపాడు. కారు చూసి, తోలించి చూసి, బాగుంటే పెట్టుకుంటాడు. కారు అన్నివిధాలా బాగానే ఉంది, ఒక్క ఆగడం తప్ప. కారు చక్రం వెనక ఇనుప డ్రమ్ము ఒకటి ఉంటుంది. బ్రేకు తొక్కితే లోపలున్న షూలు విచ్చుకుని ఆ డ్రమ్ము గోడను ఒత్తుకుంటాయి, బండి ఆగుతుంది. మా కారుకు షూల మీది లైనింగు ఎప్పుడో అరిగిపోయింది. రివిట్లు పైకి తేలి డ్రమ్ము లోపలంతా గాడులు చేశాయి. వేలు పెట్టి చూస్తే నాగలి చాళ్ళలా తగిలేవి.

జనగామలో మిస్త్రీ ఆ గాడులు చూసి నవ్వాడు. "షూలకు కొత్త లైనింగు నేనేస్త. డ్రమ్ములు మాత్రం లేత్ మీద కోయించుకరావాలె. గిక్కడ గాదు, మానుకోటల ఒకాయన మంచిగ కోస్తడు," అన్నాడు. పక్కనే ఉన్న వరంగల్‌ను వదిలిపెట్టి మానుకోటే ఎందుకని అడిగాను. "ఆయన మా బామ్మర్ది," అన్నాడు. అక్కడే నేను లేచి రావాల్సింది.

నాలుగు డ్రమ్ములూ గోనెసంచిలో కట్టుకుని ప్యాసింజరు రైలెక్కాను. కాజీపేటలో ఒక పెద్దావిడ ఎక్కి, చోటు లేక ఆ సంచి మీదనే కూర్చుంది. జరగమంటే "ఇనుమే గద బిడ్డ, నేను కూసుంటె అరుగుతదా?" అంది. మానుకోటలో దిగేసరికి సంచి చిరిగి ఒక డ్రమ్ము ప్లాట్‌ఫారం మీద దొర్లుకుంటూ పోయింది. దాని వెనక నేను పరిగెత్తాను. లేత్ దగ్గరకు పోతే రైసుమిల్లు ఇరుసు ఒకటి దాని మీద ఉంది. అది అయ్యాకే నాది అన్నారు. అది అయింది, కరెంటు పోయింది. కరెంటు వచ్చింది, ఆయన భోజనానికి పోయాడు. భోజనం నుంచి వచ్చాక కాసేపు కునుకు తీయడం ఆయన అలవాటట. ఆ బామ్మర్ది గురక వింటూ బల్ల మీద కూర్చుని నేను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయడం బాగుండదు. కోసి ఇచ్చాక మాత్రం డ్రమ్ము లోపల ఒక్క గాడి లేదు.

ఇంటికి తెచ్చి బిగించాను. ఊళ్ళో ఒక చుట్టు తిప్పాను. బ్రేకు తొక్కగానే కారు ఆగింది. ఆగుతూ ఆగుతూ కీచుమని ఒక కూత పెట్టింది. ఆ కూతకు అరుగుల మీది ముసలాళ్ళు లేచి నిలబడ్డారు, గేదెలు తాడు తెంపుకున్నాయి. బాపు గడపలో నిలబడి చూస్తున్నాడు.

"గిదేం కూత?" అన్నాడు.

"కొత్త లైనింగు బాపు. కొన్ని రోజులు కూస్తది."

"మంచి బండి కూయది."

"బ్రేకులు మంచిగ పడుతున్నయి గద."

"నలుగుర్ల గిట్ల కూసుకుంట పోతవా?"

జవాబు చెప్పే ఓపిక లేక లోపలికి పోయాను. మిస్త్రీని అడిగితే లైనింగు అంచులు ఆకురాయితో కాస్త అరగదీయమన్నాడు. మర్నాడు కారును కొట్టంలో మొద్దుల మీద నిలబెట్టి, చక్రాలూ డ్రమ్ములూ మళ్ళీ విప్పి, అంచులన్నీ రుద్దాను. ఈలోగా ఒక పైపు కాస్త వదులై బ్రేకు నూనె కారిపోయింది. పైపుల్లో చేరిన గాలి తీయడానికి ఉన్న నూనె చాలదు. అంతా అలాగే వదిలిపెట్టి జనగామ పోయాను. బస్సు కోసం చూసి, దుకాణం తెరిచేదాకా చూసి, మళ్ళీ బస్సు కోసం చూసి, వచ్చేసరికి పొద్దు వాలింది. కొట్టంలో కారు నాలుగు చక్రాల మీద నిలబడి ఉంది.

"ఎవరు ఎక్కించిన్రు?" అన్నాను.

"నేనే," అన్నాడు బాపు. "నీకు పని తక్కువైంది గద."

"నిన్ను ఎవరు ముట్టుమన్నరు బాపు? ఏది ఎట్ల బిగించాల్నో నీకేం ఎరుక?"

"చక్రం ఎక్కించుడు నాకు ఎరుక లేదా? నువ్వు పుట్టకముందు కెల్లి బండి చక్రాలు ఎక్కిపిస్తున్న."

పానాతో నట్లన్నీ తిప్పి చూశాను. గట్టిగానే ఉన్నాయి. మళ్ళీ విప్పే ఓపిక నాకు లేదు. గాలి తీసే పని మిగిలింది. దానికి ఒకరు లోపల కూర్చుని పెడలు తొక్కాలి, ఒకరు కింద పడుకుని చక్రం దగ్గర బొడిపె విప్పాలి. నా భార్యను కూర్చోబెట్టాను. తొక్కమంటే వదిలేది, వదలమంటే తొక్కేది. "ఇంకెంత సేపు తొక్కాలె? పొయ్యి మీద కూర మాడుతున్నది," అని ఒకటే గొణుగుడు. ఇంటి కోడలు స్టీరింగు ముందు కూర్చుందని మా అవ్వ అత్తగారి లెక్కన గడప దాటి రాకుండానే మూతి తిప్పుకుంది. నా ముఖాన నూనె పడింది. ఎలాగో పని ముగించి, కారు తీసి ఊరి చివరిదాకా పోయి బ్రేకు తొక్కాను. కూత లేదు. చప్పుడు లేకుండా మెత్తగా ఆగింది. నా ఆకురాయి పనితనమే అనుకుని లోలోపల మురిసిపోయాను.

మర్నాడు పొద్దున్నే బయలుదేరాను. అవ్వ కారుకు పసుపూ కుంకుమా పెట్టింది. బాపు బయటికి రాలేదు. ఇష్టం లేని పనికి ఎందుకొస్తాడులే అనుకున్నాను. వరంగల్ దాటేదాకా కారు చెప్పినట్టు విన్నది. పరకాల దాటాక బ్రేకు తొక్కితే ఇదివరకటి పట్టు లేదనిపించింది. కొత్త లైనింగు ఇంకా సర్దుకోలేదేమో అనుకున్నాను. అటువైపు రోడ్డు మీద పెద్దగా బండ్లు లేవు కాబట్టి గట్టిగా తొక్కే అవసరం రాలేదు.

క్యాంపు ఒక గుట్ట వాలులో ఉంది. డేరాలు, వంటపాక, కింద తారు పీపాలు వరసగా. ఆఫీసరు కోస్తా వైపు మనిషి, మర్యాదస్తుడు. నాకు చాయ్ ఇప్పించాడు. కారు చుట్టూ తిరిగి చూసి, లోపల సీట్లు నొక్కి చూసి, "బాగానే ఉంచుకున్నారండీ," అన్నాడు. నా గది ఏ డేరా పక్కన ఉంటుందో కూడా చేత్తో చూపించాడు. మట్టిగోడల గది, ముందు చిన్న వసారా. అక్కడ నా భార్య తడిబట్టలు ఆరేస్తున్నట్టు అప్పుడే ఊహించుకున్నాను.

"ఒక్కసారి పైనుంచి వచ్చి, అదిగో ఆ తారు పీపాల దగ్గర ఆపండి చూద్దాం," అన్నాడు.

పైనుంచి వచ్చాను. పీపాల దగ్గర బ్రేకు తొక్కాను. పెడలు గట్టిగానే ఉంది, కాలికి తగులుతోంది. కారు మాత్రం ఆగాలనుకోలేదు. పీపాలు దాటింది. హ్యాండు బ్రేకు లాగాను, దానికీ లెక్క లేదు. వంటవాళ్ళు గరిటెలు పట్టుకుని పరిగెత్తారు. కారు పోయి వంటపాక పక్కనున్న కట్టెల కుప్పలో దూరి, ముందు అద్దం మీదికి నాలుగు దుంగలు దొర్లించుకుని ఆగింది.

ఆఫీసరు పరిగెత్తుకుంటూ వచ్చి నాకు దెబ్బ తగిలిందా అని అడిగాడు. తిట్టినా బాగుండేది. మంచినీళ్ళు తాగించి, భుజం మీద చెయ్యేసి, "మా వాళ్ళను ఇందులో ఎక్కించలేనండి. ఏమీ అనుకోకండి," అన్నాడు. నేను డ్రమ్ము విప్పే లోపే పరకాల నుంచి ఇంకెవరిదో కిరాయి జీపు వచ్చి నా కారు బదులు నిలబడింది.

డ్రమ్ము విప్పగానే ముందు వాసన కొట్టింది. ఆముదం వాసన. లోపలంతా నల్లగా, జిడ్డుగా కారి ఉంది. అది ఏమిటో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వరిగడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపితే కందెన అవుతుంది. ఎడ్లబండి చక్రం కూసినప్పుడు దాని ఇరుసుకు అదే రాస్తారు. మా కొట్టంలో వెదురు గొట్టం నిండా ఎప్పుడూ ఉండేది. బాపు దాన్ని కారు ఇరుసుకు నిండుగా పట్టించాడు. షూలకు రాయలేదు, ఇరుసుకే రాశాడు. దారి పొడుగునా డ్రమ్ము వేడెక్కి, కందెన కరిగి, చిమ్మి, కొత్త లైనింగునంతా తడిపింది. ఇక బ్రేకు దేన్ని పట్టుకుంటుంది?

క్యాంపు వాళ్ళనే పెట్రోలు అడిగి కడుక్కుని, ఎడ్లబండి కంటే మెల్లగా తోలుకుంటూ ఇంటికి వచ్చాను. దారంతా ఒకటే మాట నన్ను తొలుస్తూ వచ్చింది. ఆయనకు నేను పోవడం ఇష్టం లేదు. కావాలనే చేశాడు. చిన్నప్పటి నుంచి నా ప్రతి పనిలో చెయ్యి పెట్టిన మనిషి, ఈసారి చెయ్యి పెట్టి నన్ను ఇంట్లోనే కట్టేశాడు. బాపు అరుగు మీదే ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

"ఏమన్నరు?" అన్నాడు.

"నీ కోరిక తీరింది. వద్దన్నరు. నేను పోవుడు నీకు ఇష్టం లేకుంటె నోటితోని చెప్పరాదా? గిట్ల దొంగలెక్క కందెన రాసుడేంది?"

వాకిట్లో అందరూ ఉన్నారు. ఆయనతో ఎవరూ ఎప్పుడూ అలా మాట్లాడలేదు. ఆయన కండువా దులిపి భుజాన వేసుకుని చేను దిక్కు నడిచిపోయాడు.

అవ్వ నా దగ్గరకు వచ్చింది. "నీ నోరు పడిపోను," అని మొదలుపెట్టింది. "ఆయన పుట్టి బుద్ధెరిగినంక ఎన్నడన్న కందెనల చెయ్యి పెట్టిండా? జీతగాడు రాస్తనంటె వాన్ని గూడ రానియ్యలే. నాతోని గడ్డి కాల్పిచ్చి, తనే కలుపుకొని, కింద కూసోని నాలుగు చక్రాలకు రాసిండు. మోకాళ్లు పట్టుకొని లేవరాక నన్ను చెయ్యిమ్మన్నడు. 'వాడు కొత్త జాగకు పోతుండు, కూసుకుంట పోతే మందిల నవ్వులపాలైతడు' అన్నడు. నువ్వు పోంగ సూస్తె కండ్లల్ల నీళ్లొస్తయని బయటికి రాలే."

ఇది విన్నాక నా కోపం పోయి ఉండాలి. పోలేదు. ఇంకా పెరిగింది. చెడు చేసిన మనిషిని తిట్టొచ్చు, మాట్లాడడం మానేయొచ్చు. మంచి చేయబోయి మన కొంప ముంచినవాణ్ణి ఏం చేయాలో ఎవరూ నేర్పలేదు. అడిగితే చెప్పేవాణ్ణి కదా, కారు ఇరుసు వేరని. అడగడు. ఆయన జీవితంలో ఎవరినీ ఏదీ అడిగింది లేదు. ఆ రాత్రి అన్నం తినకుండా పడుకున్నాను. ఆయన కూడా తినలేదని పొద్దున్నే తెలిసింది, దానికీ చిరాకు వేసింది.

రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు నేను కొట్టంలో చక్రాలు విప్పుతుంటే వచ్చి, పీట వేసుకుని కూర్చున్నాడు. "అది ఎట్ల ఆగుతదో జర చూపియ్యి," అన్నాడు. చూపించాను. షూ ఎక్కడ, డ్రమ్ము ఎక్కడ, ఏది దేనికి ఒరుసుకోవాలో, ఎక్కడ జిడ్డు తగలకూడదో. ఆయన అంతా విని, "గట్లనా," అన్నాడు. తప్పయిందని ఆయన అంటాడని నేను ఎదురుచూడలేదు గానీ, అంటే వినాలని మాత్రం ఉండింది.

తడిసిన లైనింగు పనికిరాదు కాబట్టి మళ్ళీ కొత్తది వేయించాలి. ఈసారి మిస్త్రీ మాట పక్కనబెట్టి, బామ్మర్ది దగ్గరే ఆ పని కూడా అవుతుందని తెలిసి నేరుగా మానుకోట పోయాను. కరెంటు కోసం కూర్చున్నప్పుడు ఆయన నా కథ విని ఒక మాట అన్నాడు. "భూపాలపల్లి ఎందుకన్నా? గీ స్టేషన్ కాడ ఒక్క కారు నిలవడదు. గంగారం దిక్కు కెల్లి దవాఖానకు వచ్చినోళ్లు మళ్ల ఇంటికి పోనీకె పరేషాన్ అయితరు. గిక్కడ పెట్టుకో." గది కూడా తనకు తెలిసిన ఇంట్లో చూపించాడు. గురక పెట్టే మనిషి మీద నాకున్న కోపం ఆ రోజుతో కొంత తగ్గింది.

మానుకోటకు బయలుదేరే రోజు, గది సర్దుకున్నాక వచ్చి తీసుకుపోతానని నా భార్యకు చెప్పి కారెక్కాను. బాపు ఇస్త్రీ ధోవతి కట్టుకుని, కండువా వేసుకుని వచ్చి, ముందు సీట్లో కూర్చున్నాడు.

"నేను గూడ వస్త," అన్నాడు.

"ఎందుకు?" అన్నాను. ఆయన మాట ఆయనకే అప్పజెప్పినందుకు నాకు కాస్త హాయిగా అనిపించింది. ఆయన పట్టించుకోలేదు.

పెద్దవంగర మీదుగా పోయాం. దారిలో బ్రేకు తొక్కినప్పుడల్లా కారు కూసింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ ఊరుకున్నాడు. స్టేషన్ ముందు కారు నిలబెట్టాను. రైలు వచ్చింది. జనం దిగారు. కిరాయి కారని తెలిసి ఇద్దరు ముగ్గురు దగ్గరికి వచ్చారు. ముందు సీట్లో మల్లెపువ్వు లాంటి బట్టల్లో, మీసం దువ్వుకుని కూర్చున్న పెద్దమనిషిని చూశారు. దండం పెట్టి వెళ్ళిపోయారు. ఇంకో రైలు వచ్చింది. మళ్ళీ అదే. ఆయన ప్రతి దండానికీ తల ఊపుతున్నాడు. పూట గడిచిపోయింది. బోణీ లేదు.

"బాపు, జర లోపల బల్ల మీద కూసోరాదు?"

"ఎందుకు? గిక్కడ మంచిగనే ఉన్నది."

నా తల స్టీరింగుకు కొట్టుకోవాలనిపించింది. నన్ను ఈ మనిషి భూపాలపల్లిలో బతకనివ్వలేదు, ఇక్కడా బతకనివ్వడు. వెనక్కి తిరిగిపోదామనే అనుకున్నాను.

మధ్యాహ్నం దవాఖాన దిక్కు నుంచి ఒక లంబాడీ జంట వచ్చింది. ఆ అమ్మాయి చేతిలో పురిటిగుడ్డు, రెండు మూడు రోజులది. నిలబడలేక మొగుడి భుజం పట్టుకుని ఉంది. వాళ్ళ భాషలో ఏదో అనుకున్నారు. అతను నా దగ్గరకు వచ్చి, "గంగారం దిక్కు మా తండాకు వస్తవా అన్న?" అన్నాడు. వస్తానన్నాను. అంతలో ఆ అమ్మాయి ముందు సీటు చూసి అతని చెయ్యి పట్టి వెనక్కి లాగింది.

"దొర పోయే కారు," అన్నాడతను వెనక్కి తగ్గి. "మేం బస్సుకు పోతంలే అన్న."

బస్సు సాయంత్రం గానీ లేదు. నేను నోరు తెరిచే లోపే పక్క తలుపు చప్పుడైంది. బాపు కారు పట్టుకుని, మోకాలు మీద చెయ్యి ఆనించి, మెల్లగా దిగాడు. చుట్టూ తిరిగి వచ్చి వెనక తలుపు ఆయనే తీశాడు. మా ఇంట్లో అలాంటి వాళ్ళ కోసం ఆయన కూర్చున్న చోటు నుంచి లేవగా నేను చూసి ఎరుగను.

"నేను పోయేటోన్ని గాదు బిడ్డ," అన్నాడు ఆ అమ్మాయితో. "గిది మావోని కారు. వాడు దీని మీద బతుకుతడు. ఎక్కు."

ఆమె ఇంకా నిలబడే ఉంది. ఆయన వంగి, కింద పెట్టిన వాళ్ళ బట్టల మూట తీసి సీటు మీద పెట్టాడు. అప్పుడు ఎక్కింది. అతను కూడా ఎక్కాడు. ఆ తలుపు ఒకసారి వేస్తే పడదు, రెండోసారి గట్టిగా వేశాడు.

"నువ్వెట్ల పోతవు బాపు?" అన్నాను.

"రైలున్నది గద. పసిగుడ్డు ఉన్నది, మెల్లగ పో."

ఇంజను తిప్పాను. ఆయన స్టేషన్ లోపలికి పోలేదు. ధోవతి కుచ్చెళ్ళు ఒక చేత పైకి పట్టుకుని రోడ్డు మధ్యకు పోయి, అడ్డం వస్తున్న రిక్షాలను రెండో చేత్తో ఆపి, కిరాయి కారుకు దారి ఇప్పించాడు.